సోడా తెచ్చిన చెయ్యి

కిందటి నెల మా కాలేజీలో ఇంటర్ కుర్రాడొకడు తాగి వచ్చాడని తండ్రిని పిలిపించాం. "ఎవడు నేర్పాడురా నీకు?" అని ఆయన గద్దించాడు. కుర్రాడు తల వంచుకునే, "సోడా తెమ్మనేది మీరేగా నాన్నా!" అన్నాడు. ఆయన మరి మాట్లాడలేదు.

నేనూ మాట్లాడలేకపోయాను. ఆదివారం రాత్రి స్నేహితులొస్తే నేను గ్లాసులు తెప్పించుకునేది మావాడిచేతనే! మా ఆవిడ ఎన్నిసార్లు వద్దన్నా, "తేవడమేగా, తాగడం కాదుగా" అని కొట్టిపారేశాను.

ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ 21 ఏళ్లు నిండనివాడికి మద్యం అమ్మకూడదని చట్టం. దుకాణానికి వయసు లెక్క ఉంది, నట్టింటికి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టాలు వస్తాయి, పోతాయి. పిల్లవాడు రోజూ చూసేది మాత్రం తండ్రినే.

ఆ రాత్రి మావాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, "నీచేత ఆ పని చేయించడం నా తప్పురా" అన్నాను. పదహారేళ్లవాడు, కాసేపు నా ముఖంలోకి చూశాడు.

"అయితే ఈ ఆదివారం సోడా వద్దా, నాన్నా?"

"ఈ ఆదివారమే కాదు, ఇక ఎప్పుడూ వద్దు" అన్నాను. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ వింటున్నట్టుంది.