రైన్ ఒడ్డున ఆదివారాలు

రైన్ నది గట్టు వెంబడి కిలోమీటరుకొకటి చొప్పున తెల్ల పలకలు, వాటి మీద పెద్ద పెద్ద నల్ల అంకెలు ఉంటాయి. కాన్‌స్టంజ్ పట్టణంలోని పాత వంతెన దగ్గర సున్నాతో మొదలై, నెదర్లాండ్స్‌లో నది సముద్రంలో కలిసే హుక్ ఫన్ హాలండ్ దగ్గర 1036తో ముగుస్తాయి. ఓడలు నడిపేవాళ్ల కోసం పెట్టిన ఈ పలకలు ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లలకు ఆటవస్తువులు. రైలు కిటికీకి అతుక్కుపోయి, అంకె ఎవరికి ముందు కనిపిస్తుందా అని పోటీ పడతారు. వాళ్లలో చాలామందికి తెలిసిన రైన్ 500కీ 560కీ మధ్యలోనే ఉంటుంది.

జర్మనీలో ఆదివారం దుకాణాలు తెరవరు. వారానికో రోజు విశ్రాంతికి విడిచిపెట్టాలన్న రక్షణ 1919 నాటి వైమార్ రాజ్యాంగం నుంచి నేటి రాజ్యాంగంలోకి వచ్చింది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా దిగిన కుటుంబానికి మొదట్లో ఆ నిశ్శబ్దం మింగుడుపడదు. శనివారమే కూరగాయలు, ఇండియన్ షాపులో కందిపప్పు కొనేసుకుంటే ఆదివారం మొత్తం ఖాళీ. 2023 మే నెలలో 49 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్ వచ్చాక ఆ ఖాళీకి దారి దొరికింది. తర్వాత ధర పెంచారు గానీ, దేశమంతటా లోకల్, ప్రాంతీయ రైళ్లన్నీ నెలంతా దానితోనే ఎక్కొచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్టే అక్కర్లేదు. పులిహోర డబ్బా, పెరుగన్నం, నీళ్ల సీసాలు సంచిలో సర్దుకుంటే ప్రయాణం సిద్ధం.

నది పై భాగం చూడాలంటే ఒక్క రోజు చాలదు. స్విస్ ఆల్ప్స్‌లో తోమా సరస్సు దగ్గర పుట్టి, కాన్‌స్టన్స్ సరస్సులో చేరి, షాఫ్‌హౌజెన్ దగ్గర 150 మీటర్ల వెడల్పున, 23 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. అక్కడికి సెలవులు కలిసొచ్చినప్పుడు వెళ్లాల్సిందే.

ఆ దారిలో బాజెల్ దగ్గర మాత్రం ఆగాలి. 1986 నవంబరు 1న ఆ ఊరి పక్కన ష్వైజర్‌హాలేలో సాండోజ్ కంపెనీ రసాయన గిడ్డంగి తగలబడింది. మంటలార్పిన నీళ్లు పురుగుమందుల్ని వెంటబెట్టుకొని నదిలో పడ్డాయి. నీరు ఎర్రబారింది. వందల కిలోమీటర్ల మేర ఈల్ చేపలు చచ్చి తేలాయి. జనం వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాదే రైన్ దేశాలన్నీ కలిసి, 2000 నాటికి సాల్మన్ చేప తిరిగి రావాలని లక్ష్యం పెట్టుకున్నాయి. 1990లోనే సీగ్ అనే ఉపనదికి సాల్మన్ వచ్చింది.

అంతకుముందు దశాబ్దాల పాటు ఈ నదిని యూరప్ మురుగుకాలువ అనేవారు. ఈ పిల్లల తల్లిదండ్రుల్లో హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు మూసీ వంతెనను ముక్కు మూసుకొని దాటినవాళ్లే. నది మురికైపోవడం తలరాత కాదు. ఫ్యాక్టరీ వ్యర్థాలనూ నగరం మురుగునూ శుద్ధి చేయకుండా వదిలినవాళ్లూ, వదలనిచ్చినవాళ్లూ ఉన్నారు కాబట్టే మూసీ అలా ఉంది. ఆ పాపం నీటిది కాదు.

మైంజ్ దాటాక రైలు కుడి గట్టు వెంట రూదెస్‌హైమ్ చేరుతుంది. ద్రాక్షతోటల మీదుగా పైకి వెళ్లే కేబుల్ కారు పెద్దలకు ఇష్టం, ఒడ్డున రాళ్లు పిల్లలకు ఇష్టం. ఇక్కడే జాగ్రత్త కావాలి. సరుకు ఓడ వెళుతుంటే ఒడ్డున నీళ్లు ముందు వెనక్కి లాక్కుపోతాయి, ఆ వెంటనే అల ఎగసి వస్తుంది. చీలమండల లోతులో నిలబడ్డ పిల్లవాణ్ణి పడేయడానికి అది చాలు. ప్రతి వేసవిలోనూ ఈ నది ప్రాణాలు తీస్తోంది. పిల్లల చెయ్యి వదలకూడదు.

ఎదురుగా బింగెన్ దగ్గర నది మధ్యలో ఎలుకల బురుజు. కరవులో ధాన్యం దాచి, ఆకలన్న పేదల్ని కొట్టంలో పెట్టి కాల్పించిన హాటో అనే ఆర్చిబిషప్‌ను ఎలుకలు వెంటాడి ఈ బురుజులోనే తినేశాయని కథ. పిల్లలు మళ్లీ మళ్లీ చెప్పించుకుంటారు. 2018లోనూ 2022లోనూ నది ఎంతగా ఎండిందంటే, ఆ బురుజు దాకా జనం నడిచి వెళ్లారు. ఇంకాస్త దిగువన కౌబ్ దగ్గర నీటిమట్టం కొలిచే స్కేలు 2018 అక్టోబరులో 25 సెంటీమీటర్లు చూపింది. ఓడలు తక్కువ సరుకుతోనే కదిలాయి.

సాంక్ట్ గోఆర్‌స్‌హౌజెన్ పక్కన 132 మీటర్ల లోరెలై కొండ. ఫొటోలన్నీ అక్కడే. వీసా మీద మూడు నెలలకు వచ్చిన అమ్మమ్మ మాత్రం పర్సులో రూపాయి బిళ్ల పట్టుకొని కూర్చుంటుంది. రాజమండ్రిలో రైలు గోదావరి దాటేటప్పుడు వేసినట్టు ఇక్కడా వేయాలని.

"వంతెన ఎప్పుడొస్తుంది బాబూ?"

"ఇక్కడ వంతెన లేదు అత్తయ్యగారూ. పంటు ఎక్కాలి."

నిజమే. వీస్‌బాడెన్ దాటాక కోబ్లెంజ్ దాకా దాదాపు 80 కిలోమీటర్లు నది మీద వంతెన లేదు. రూదెస్‌హైమ్ దగ్గర ఉన్న ఒక్కటీ 1945లో యుద్ధంలో కూలింది, మళ్లీ కట్టలేదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య తిరిగే పంటు లాంటివే ఇక్కడా కార్లనూ మనుషుల్నీ దాటిస్తాయి. రాత్రి అవి ఆగితే రేవులో జీవితమూ ఆగుతుంది. ఆసుపత్రి అవతలి గట్టున ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాలి. సాంక్ట్ గోఆర్ దగ్గర వంతెన కావాలని స్థానికులు చాలా ఏళ్లుగా అడుగుతున్నారు. 2002లో ఈ లోయ యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. వంతెన వల్లే డ్రెస్డెన్ ఎల్బే లోయ 2009లో ఆ జాబితా నుంచి పోయింది. ఇక్కడా అలాగే అవుతుందని భయం. ఆదివారం వచ్చిపోయే చుట్టాల ఫొటోల కోసం ఇక్కడ పుట్టినవాళ్లు రాత్రిళ్లు ఇరుక్కుపోవాలనడం అన్యాయం. రెండు గట్ల మీదా రాత్రంతా గూడ్సు రైళ్ల మోతా వాళ్లే భరిస్తున్నారు.

అయినా వాళ్ల మాట వినేందుకు విచారణలున్నాయి, నమూనాలున్నాయి, వాదనలున్నాయి. ఒక్క వంతెనకే ఇంత చర్చ. అదే గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. పాపికొండల లాంచీ దారిలో ఉండే దేవీపట్నం నీట మునిగింది. పరిహారం పూర్తిగా అందకముందే వరద వచ్చి ఇళ్లు ముంచితే, అక్కడివాళ్లు కొండలెక్కి గుడారాలు వేసుకున్నారు. వాళ్ల గోడు విన్నవాళ్లు తక్కువ.

కోబ్లెంజ్ వైపు వెళ్లాలంటే సాయంత్రమైపోతుంది, మర్నాడు బడి. అమ్మమ్మ బిళ్లను పంటు మీద నుంచే నీళ్లలో వేస్తుంది. అంకెల ఆటకు అలవాటుపడిన పిల్లలు గోదావరికి కూడా ఇలాంటి పలకలుంటాయా అని అడుగుతారు. వచ్చే వేసవిలో పోచమ్మగండి దగ్గర లాంచీ ఎక్కించి, దేవీపట్నం ఎక్కడుండేదో, అక్కడివాళ్లు ఇప్పుడు ఏ కాలనీలో ఉంటున్నారో వాళ్లకు చూపించాలని పెద్దలు అనుకుంటున్నారు.