మేడ్చల్, శామీర్‌పేట బాటలు - పాదచారులు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున రెండు పెద్దబాటలు రెండు ఊళ్ల మీదుగా సాగుచున్నవి. నాగపురమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై మేడ్చల్, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట యున్నవి. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు ఈ రెండింటిని కలుపుచున్నది. 2016వ సంవత్సరమున మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. 2023 ఏప్రిలులో ఎమ్.ఎమ్.టి.ఎస్. రైళ్లు మేడ్చల్ వఱకు వచ్చినవి. ఊళ్లు పెరిగినవి గాని నడచువారికి చోటు పెరుగలేదు.

మేడ్చల్‌లో పెద్దబాట ప్రక్కనే అంగళ్లును గలవు. బియ్యమునకైనను, మందులకైనను, బడిపిల్లలను తోడ్కొని వచ్చుటకైనను గృహిణి ఆ బాట నెక్కవలసినదే. కాలిబాట లేనిచోట ఆమె బాట యంచున నడచును. లారీలకు వెఱచిన సైకిలువాడును ఆ యంచునకే వచ్చును. వెఱపెట్టిదో యెఱిగినవాడు తనకంటె బలహీనులను వెఱపింపరాదు గదా! కాని కొందఱు ఎదురుదారిని వత్తురు. కొందఱు చెవులలో పాటలు పెట్టుకొని వత్తురు. మఱికొందఱు గంట కొట్టిన వెంటనే దారి తమదైనట్లు దూసికొని పోవుదురు.

శామీర్‌పేట తీరు వేఱు. చెరువు, కట్టమైసమ్మ గుడి, జింకల వనము కన్నులపండువుగా నుండును. సెలవు దినములందు వేకువనే నగరపు యువతీయువకులు సైకిళ్లపై గుంపులుగా నిటు వత్తురు. పొగలేని వాహనము, ఒంటికి వ్యాయామము: రెండును మెచ్చదగినవే. కాని గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వచ్చు సైకిలు సెకనునకు 8 మీటర్లకు పైగా సాగును. ఇంజను చప్పుడుండదు గనుక, గుడికి పోవు ముసలమ్మ వెనుదిరిగి చూచులోపలనే అది మీదికి వచ్చును. పడుచువాడు పడినచో మోకాలు దోకుకొనిపోవును. ముసలమ్మ పడినచో తుంటియెముక విఱుగవచ్చును. అటుపై నెలల తరబడి మంచము. ఆమెకు ఉపచారము చేయు కోడలి కూలియో, ఉద్యోగమో ఆగిపోవును.

సైకిలునకు లైసెన్సు అక్కఱలేదు గనుక చట్టమును లేదని పలువురి తలంపు. అది సరికాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ననుసరించి, ప్రాణములకు ముప్పు కలుగునట్లు బాటపై ఏ వాహనమును నడపినను 6 నెలల వఱకు ఖైదు గాని, 1,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

నగరమునకు పడమట, ఔటర్ రింగురోడ్డు వెంట, సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో తెఱచిరి. ఈ ఉత్తరపు ఊళ్లకును అట్టిది కావలెను. దానికంటె ముందు కాలిబాట కావలెను.

అంతవఱకు మన యింట చేయదగిన పని కలదు. బిడ్డకు సైకిలు కొనునపుడు బ్రేకులను, గంటను పరీక్షించి చూతుము. వానితోపాటు ఎడమ ప్రక్కనే తొక్కుట, జనము నడుమ వేగము తగ్గించుట, ఇఱుకు సందులలో దిగి నడిపించుకొని పోవుట నేర్పవలెను. కాలిబాట లేనిచోట మనమును ఎదురు వాహనములు కనబడునట్లు కుడిప్రక్కన నడచి, చంటివారిని బాటకు దూరపు వైపున పట్టుకొనవలెను.

సోదరీమణులారా! గంట కొట్టుట యనగా దారి యడుగుటయే. అడిగినవాడు ఎదుటివారు తప్పుకొను వఱకు ఓర్చుకొనవలెను. ఈ మర్యాదను మన పిల్లలకు సైకిలెక్కిన మొదటినాడే నేర్పుదము.