రాగిరేకు మీద అడవి బాతులు



ఎచింగ్, అంటే రాగిరేకు మీద గీసి అచ్చుతీసే బొమ్మ, అనగానే మనకు చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గుర్తొస్తారు. ఈసారి ఆయన్ని కాస్త పక్కన పెట్టి, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, సేలం ఊరి మనిషి ఫ్రాంక్ బెన్సన్ సంగతి రాస్తున్నాను. వేట దృశ్యాల ఎచింగులు సేకరించేవాళ్ళు ముందుగా తలిచే పేర్లలో ఆయనదొకటి. 1862లో పుట్టాడు. రంగుల బొమ్మలతో పేరు తెచ్చుకుని, యాభై పడిలో పడ్డాక రాగిరేకు పట్టి, 350కి పైగా బొమ్మలు చెక్కాడు. అందులో అడవి బాతులదే రాజ్యం. తుపాకీతో చిత్తడి నేలల్లో కాపు కాసినవాడు కాబట్టి, నీళ్ళ మీద వాలబోయే బాతు రెక్కలు ఎలా విరుస్తుందో ఆయనకు బాగా తెలుసు. నాలుగు గీతల్లో తేల్చేస్తాడు.

ఎచింగ్ చేసే తీరు ఇది: రేకుకు మైనం పూత పూసి సూదితో గీస్తారు. యాసిడ్‌లో పెడితే గీసినచోట రాగి కరిగి గాడి పడుతుంది. అందులో సిరా దట్టించి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. ప్రతి కాపీకీ సిరా దట్టించడం నుంచి మళ్ళీ మొదలే. అందుకే ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. మైనం లేకుండా సూదితో రాగినే గీరే డ్రైపాయింట్‌లోనైతే గీత పక్కన లేచే గరుకు అంచు మఖమల్ లాంటి నలుపునిస్తుంది, కానీ త్వరగా అణిగిపోతుంది. ఇన్ని కాపీలే అని హద్దు పెట్టడానికి ఈ అరుగుదల ఒక కారణం. వ్యాపారం ఇంకో కారణం, దాచడమెందుకు?

చాలామంది బొమ్మ కింద పెన్సిల్‌తో రాసిన 12/150 (అంటే 150 కాపీల్లో పన్నెండోది) లాంటి అంకె చూసి మురిసిపోతారు. అది అచ్చయిన వరుసేనన్న హామీ ఏమీ లేదు. అంకె ఆఖర్న చూడండి, ముందు గీత చూడండి. భూతద్దంలో వరసగా చుక్కలు కనిపిస్తే అది ఫొటో అచ్చు. అసలుదానిలో సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, బొమ్మ చుట్టూ రేకు నొక్కిన పల్లం ఉంటుంది. ఫ్రేములో పట్టించడానికి అంచులు కోసేసిన కాపీ ఎంత చవకైనా నేను కొనను.

తిరిగి బెన్సన్ సంగతికొస్తే, 1934లో అమెరికా ప్రభుత్వం బాతుల వేటగాళ్ళు ఏటా ఒక డాలరు స్టాంపు కొనాలని చట్టం చేసింది. ఆ డబ్బు చిత్తడి నేలల సంరక్షణకు. మరుసటి ఏడాది స్టాంపు మీది బాతులు బెన్సన్ గీసినవే. వేట గిట్టని నాకు కూడా ఈ ఏర్పాటు నచ్చింది.

బోస్టన్ వైపు ఉన్న మన పాఠకులకు సేలంలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియం దగ్గరే. అక్కడ బెన్సన్ బొమ్మలున్నాయి. కాగితం మీది బొమ్మల్ని ఎల్లప్పుడూ గోడకు వేలాడదీసి ఉంచరు కాబట్టి కనుక్కుని వెళ్ళండి. ఇంట్లో పాత ఎచింగ్ ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఫ్రేము వెనక అట్ట మార్పించండి. మామూలు అట్టలోని ఆమ్లం కాగితాన్ని గోధుమరంగుకు తిప్పేస్తుంది. ఆ పని అయ్యాక నాకో ఉత్తరం రాయండి.

ఉంటాను,
మీ మిత్రుడు