నానీమా పంపిన సలాం

స్పెయిన్ వెళ్లేముందు నింపి పంపాల్సిన ఫారంలో ఒకచోట ‘తిండి విషయంలో చెప్పాల్సింది ఏమైనా ఉందా’ అని అడిగారు. నేను ‘వెజిటేరియన్’ అని రాశాను. బక్రీద్ వస్తే కలేజీ మొదలుకొని పాయా దాకా ఏదీ వదలని మనిషిని నేను. ఆ ఒక్క లఫ్జ్‌తో పని జరిగిపోతుంది కదా, మిగతాదంతా ఎందుకు చెప్పుకోవాలి అనుకున్నాను.

మిగతాదంతా అంటే మీకు తెలిసిందే. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో గది కోసం తిరుగుతుంటే, పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న ఇళ్లు పేరు చెప్పగానే నిండిపోయేవి. మీలో చాలామందికి ఈ తజ్రుబా ఉండే ఉంటుంది. నాకు ఆ భయం కడుపులో ఎక్కడో ఉండిపోయింది. పైగా నా పేరు మస్తాన్. నానీమా కసుమూరు దర్గాలో మొక్కుకుని పెట్టించిన పేరు. నెల్లూరులోనో నంద్యాలలోనో ఆ పేరు వినగానే మనిషి ఎవరో తెలిసిపోతుంది. స్పెయిన్‌లో తెలియదు. వాళ్లకు ఇండియా అంటే యోగా, కూరగాయలు. ఆ పర్దా వెనకాల మూడు నెలలు గడిపేద్దామనుకున్నాను.

అది 2018. మా కంపెనీకి లాటిన్ అమెరికా క్లయింట్లు ఉండేవారు. స్పానిష్ వస్తే జీతం బాగా పెరుగుతుంది. హైదరాబాదులో మొదటి మెట్టు నేర్చుకుని, తొంభై రోజుల వీసాలో ఇమిడేలా పన్నెండు వారాల కోర్సుకు ఏప్రిల్‌లో గ్రనాడా వెళ్లాను. మా చాచాకి మాత్రం కోర్సు సంగతి పట్టలేదు. ‘అందులూస్ పోతున్నాడు మావాడు’ అని మొహల్లా అంతా చెప్పుకున్నాడు. ఉర్దూ ఇళ్లలో ఆ పేరు వింటే ఇక్బాల్, ఖుర్తుబా మసీదు, పోయిన సల్తనత్ అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి.

నాకు దొరికింది సల్తనత్ కాదు. జైదీన్ అనే మామూలు మొహల్లాలో, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు. అరవై దాటిన ఒక బేవా, ఆమె కొడుకు. కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. ముందు గదిలో గుండ్రటి బల్ల, దానిమీద నేలదాకా వేలాడే దళసరి గుడ్డ, బల్ల కింద చిన్న హీటరు. ఆ గుడ్డ అంచు ఒళ్లోకి లాక్కుని రజాయి కప్పుకున్నట్టు కూర్చుని తింటారు. ఏప్రిల్ రాత్రుల్లో కూడా అక్కడ చలే. కిటికీలోంచి చూస్తే సియెర్రా నెవాదా కొండలమీద మంచు.

మొదటి గొడవ వ్యాకరణంలో కాదు, అదబ్‌లో వచ్చింది. స్పానిష్‌లో ‘తూ’ అంటే నువ్వు, ‘ఊస్తెద్’ అంటే మీరు. బడిలో రెండూ నేర్పారు. పెద్దావిడను నేను ఊస్తెద్ అనేవాణ్ణి. ఆమెకు కోపం వచ్చేది. ఊస్తెద్ డాక్టరుతో, బ్యాంకువాళ్లతో. ఇంట్లో ఏమిటది, నేనేమైనా ముసలిదాన్నా అనేది. మిగతా విద్యార్థులంతా తమ ఇంటావిడలను పేరు పెట్టి పిలిచేవాళ్లు. అమ్మీ వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాలేదు. మనసులో మాత్రం ఖాలా అనుకునేవాణ్ణి. ఇక్కడా అలాగే రాస్తాను.

రెండో గొడవ పళ్లెంలో వచ్చింది. మూడో రోజు మసూర్ లాంటి పప్పు వండింది. లోపల ఎర్రటి ముక్కలు. మాంసం తిననని చెప్పానే అన్నాను. ‘మాంసం కాదు బాబూ, కాస్త హామోన్, రుచి కోసం’ అంది. హామోన్ అంటే పంది తొడ. స్పెయిన్‌లో చాలామంది లెక్కలో అది మాంసం కిందకి రాదు, మనకు కరివేపాకు ఎలాగో అలాగ. కడుపు నొప్పి అని చెప్పి రొట్టె, టమాటా తిని లేచాను. ఆ తర్వాత ఆమె నాకోసం గుడ్లు, బంగాళాదుంపలు, పాలకూర వేసిన శనగలు విడిగా వండేది. పాపం, రోజూ ఏం వండాలా అని ఆలోచించేది. నేను రోజూ శర్మిందా అయ్యేవాణ్ణి, అయినా నోరు విప్పలేదు.

విప్పకపోవడానికి ఇంకో సబబు కూడా ఉంది. మొదటి వారంలోనే టీవీ చూస్తూ కొడుకు ఏదో అన్నాడు. వాక్యం అర్థం కాలేదు కానీ అందులో ‘మోరో’ అన్న మాట వినపడింది. మొరాకో వాళ్లను, మొత్తంగా ముసల్మానులను అక్కడ అలా అంటారు. ఆ తర్వాత ఖాలా నోట కూడా ‘కింది ఫ్లాటు మోరా’ అని విన్నాను. ఇక చాలు అనుకున్నాను. నమాజు గది తలుపు గడియపెట్టి, జుమాకు లైబ్రరీ పేరు చెప్పి వెళ్లేవాణ్ణి. అల్‌బాయ్‌సిన్ కొండమీద, అల్‌హమ్రాకు ఎదురుగా 2003లో తెరిచిన మసీదు ఉంది. 1492 తర్వాత ఆ ఊళ్లో కట్టిన మొదటి మసీదు అదే. అక్కడికి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి. బడివాళ్లు అల్‌హమ్రా చూపించడానికి తీసుకెళ్లిన రోజు గోడలనిండా ‘వలా గాలిబ ఇల్లల్లాహ్’. ఇది చదవగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా అని గైడ్ నవ్వుతూ అడిగింది. నేను పైకప్పు చూస్తూ నిలబడ్డాను.

జుమా రోజు సాయంత్రం నంద్యాలకు ఫోన్. నానీమాకు ఎనభై దాటాయి. చదువు లేదు కానీ మాటల పిచ్చి. ఆమెకోసమే నోటుబుక్కు వెనక పేజీలో మాటలు రాసి ఉంచేవాణ్ణి. దాదాపు ఎనిమిది వందల ఏళ్లు ఆ నేలమీద అరబీ నడిచింది కదా, ఆ జాడలు స్పానిష్‌లో వీధి వీధికీ కనపడతాయి. పేరు తెలియని మనిషిని వాళ్లు ‘ఫులానో’ అంటారు, మన ఫలానా. అద్దెను ‘అల్‌కిలేర్’ అంటారు, మన కిరాయి. శక్కర్ ‘అసూకార్’. ఊరి మేయర్ ‘అల్కాల్దే’, అంటే అల్ ఖాజీ. నానీమా ఒక్కో మాటకూ ‘సుబ్‌హానల్లాహ్’ అని నవ్వేది. మిస్కీన్ అన్నది అక్కడ ‘మెస్కీనో’ అయి, పిసినారి అనే అర్థానికి తిరిగిందని చెబితే కాసేపు ఆలోచించి, ‘మిస్కీన్ దగ్గర ఏముంటుంది ఇవ్వడానికి? చూసేవాడికి పిసినారిలాగే కనపడతాడు’ అంది. మా టీచరు కూడా అంత బాగా చెప్పలేదు.

ఆమె మొదటి సవాల్ మాత్రం ఎప్పుడూ ఒకటే. ‘ఖానా ఖాయా క్యా బేటా?’ హలాల్ దొరుకుతోందా, ఆ ఇంటావిడకు చెప్పావా? చెప్పాను నానీమా, ఆమె నాకోసం విడిగా వండుతోంది అన్నాను. విడిగా వండుతున్న మాట నిజమే. రెండో జుమానాడు నానీమా అంది: ‘ఆ ఖాతూన్‌కు నా సలాం చెప్పు. పరాయి బిడ్డకు వేళకింత పెడుతోంది. అల్లాహ్ ఆమె చేతికి బర్కత్ ఇవ్వాలని దువా చేస్తున్నానని చెప్పు.’

సలాం అంటే అమానత్. ఎవరైనా అప్పగిస్తే చేర్చాలి. కానీ చేరిస్తే సలాం అంటే ఏమిటి, మీరెవరు అన్న ప్రశ్న వస్తుంది. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ మూడు వారాలు దాటించాను. ప్రతి జుమాకూ ఆమె ‘చెప్పావా?’ అనేది, నేను ‘చెప్పాను’ అనేవాణ్ణి. ‘ఏమంది?’ ‘సంతోషపడింది.’

మే రెండో వారంలో ఒకరోజు క్లాసు మధ్యలో విరామానికి బయటికొస్తే మామూ ఫోన్. అక్కడ పదకొండున్నర, ఇక్కడ మూడు. జొహర్ నమాజుకు వజూ చేసి కూర్చున్న నానీమా అలాగే పక్కకు ఒరిగిపోయింది. ఇషా తర్వాత దఫన్. నేను ఏ విమానం ఎక్కినా అందను.

భోజనం వేళకు ఇంటికొచ్చాను. ఖాలా వంటింట్లో ఉంది. ఏమైంది, మొహం అలా ఉందేం అంది. ‘మి అబువేలా ముయేరే’ అన్నాను. మా అమ్మమ్మ చనిపోయింది అని నా ఉద్దేశం. కానీ అది వర్తమాన కాలం. చనిపోతోంది అని అర్థం. ఆమె చేతిలోని గరిటె పక్కన పెట్టి గబగబా అడిగింది: ఏ ఆసుపత్రిలో ఉంది? డాక్టర్లు ఏమంటున్నారు? భయపడకు, ఆ వయసువాళ్లు గట్టివాళ్లు, మా అమ్మ ఇలాగే రెండుసార్లు లేచి కూర్చుంది. రోజూ నా తప్పుల్ని మాట మధ్యలోనే దిద్దే మనిషి ఆరోజు దిద్దలేదు, నమ్మింది. నేను గుమ్మంలో నిలబడి, కిందటి వారం పట్టికలో బట్టీపట్టిన భూతకాలం వెతుక్కున్నాను. ‘నో. మురియో’ అన్నాను. నానీమా చనిపోయిన మాట అప్పుడు నా చెవిన పడింది.

ఆమె నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. గుడ్డ నా మోకాళ్లమీదకు లాగింది. దఫన్ ఎప్పుడని అడిగితే ఈరోజే అన్నాను. మంచిది, మేమూ ఎక్కువ సేపు ఉంచం అంది. ఆమె ‘అతావూద్’ అని ఏదో అడుగుతుంటే అది మన తాబూతేనని తట్టింది. ఈ మాట నానీమాకు చెప్పలేదే అని కూడా అనిపించింది. మనసు అలాంటి సమయంలో ఎటుపోతుందో.

లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. వేడి వేడి చారు, పైన పుదీనా ఆకు. అచ్చం మా ఇంటి యఖ్నీ వాసన. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఇదే ఇస్తాం, తాగు అంది. పొద్దుట్నుంచి కడుపులో ఏమీ లేదు. చేతులు గిన్నె చుట్టూ పెట్టాను. పొయ్యిమీది కుండలో తెల్లటి ఎముక కనపడుతోంది. హామోన్ ఎముక.

‘మాంసం కాదు, చారే కదా’ అంది ఆమె, నేను ఆగడం చూసి.

‘సోయ్ ముసుల్మాన్’ అన్నాను. వాళ్ల భాషలోనూ దాదాపు ఆ మాటే.

ఆమె గిన్నెకేసి చూసింది, నాకేసి చూసింది. ఎప్పట్నుంచి అని అడిగింది. పుట్టినప్పట్నుంచి అన్నాను. ఇంకో రోజైతే ఇద్దరం నవ్వేవాళ్లం. ఆమె మొహం ఎర్రబడింది. నెలరోజులుగా గుడ్లు వేయించి పెడుతున్నాను, నీ ఎముకలు కనపడుతున్నాయి, రాత్రిళ్లు నీకేం వండాలా అని నిద్ర పట్టేది కాదు. కింది ఫ్లాటు ఆవిడ, పన్నెండేళ్లుగా గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటున్నాం, ఆమె కోడి కొనే దుకాణం ఇక్కడికి రెండు వీధులు. చెబితే ఏం చేస్తాననుకున్నావు? బయటికి గెంటుతాననుకున్నావా?

అవును, అదే అనుకున్నాను. చెప్పలేదు.

గిన్నె తీసుకుని, ఏప్రన్‌తోనే కిందికి దిగిపోయింది. పావుగంటకు కోడి పొట్లంతో తిరిగొచ్చింది. కుండ తోమడం మొదలుపెట్టింది, ఒకసారి, రెండోసారి, మూడోసారి. నేనేమీ అడగలేదు, ఆ పొరుగావిడే చెప్పి ఉండాలి. నేను కిబ్లా చూసుకున్నాను. మా కిటికీలోంచైతే మంచుకొండలకు కాస్త ఎడమగా. సాయంత్రం అయిదుంబావు, నంద్యాలలో ఇషా అయ్యే వేళ. గది తలుపు తీసే ఉంచి యాసీన్ చదివాను. కొడుకు డ్యూటీ దిగి వచ్చి టీవీ పెట్టలేదు.

కొత్త చారు తాగాక చెప్పాను: మా అమ్మమ్మ మీకు సలాం పంపింది. మీ చేతికి బర్కత్ ఉండాలని దువా చేసింది. ఆమె ఎంగిలి గిన్నె పట్టుకునే నిలబడింది. ఎప్పుడు పంపింది అంది. మూడు వారాల కిందట అన్నాను.

‘మరి ఇప్పుడు నేను జవాబు ఎవరికి చెప్పను?’ అంది.

దానికి నా దగ్గర ఏ భాషలోనూ మాట లేదు.

వారం తిరక్కుండానే రంజాన్ వచ్చింది, మే 17న. పదహారు గంటల రోజా. మగ్రిబ్ రాత్రి తొమ్మిదింబావు తర్వాత, చివరికొచ్చేసరికి ఇంకాస్త ఆలస్యం. విచిత్రమేమంటే స్పెయిన్‌లో రాత్రి భోజనం వేళే అది. ఆ ఇంట్లో ఎవరూ నాకోసం వేళ మార్చుకోలేదు, దస్తర్‌ఖాన్ దానంతటదే కుదిరింది. ఖర్జూరాలు కింది ఫ్లాటు నుంచి వచ్చేవి. ఖాలా ఫోనులో టైము చూస్తూ కూర్చునేది. నిమిషం రాగానే ‘హాలా!’ అని అరిచేది. ఆకలితో గబగబా తినడాన్ని వాళ్లు వాడుకలో అలా అంటారు. పుస్తకం ప్రకారం మొదటి అక్షరం గొంతులోంచి ఖ లాగా వస్తుంది, గ్రనాడా నోట్లో మెత్తబడి హ అవుతుంది. నేను మిమ్మల్ని మనసులో పిలిచే మాట కూడా ఇంచుమించు ఇదే, మా భాషలో అమ్మ చెల్లెలు అని చెబితే, ఏమిటి, ఇన్నాళ్లూ నన్ను ‘మింగు’ అని పిలుస్తున్నావా అని కొడుకును పిలిచి మరీ చెప్పింది. ఊస్తెద్ మాత్రం నేను వదల్లేదు. ఆమె కోప్పడటమూ వదల్లేదు.

ఒక సంగతి దాచను. ‘కింది ఫ్లాటు మోరా’ అన్న మాట చివరిదాకా ఆ ఇంట్లో నడిచింది. ఆ మాట అంటూనే ఆమెకు పళ్లెం నింపి పంపేవాళ్లు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఆ పళ్లెమూ గుర్తుంటుంది. రెంటిలో ఒకటి తీసేసి చెప్పడం నాకు చేతకాదు.

జూన్ చివర్లో వచ్చేశాను. జీతం పెరిగింది. స్పానిష్ ఇప్పుడు ఫోన్లలో, మెయిళ్లలో మాట్లాడే భాష. ఇంటికొచ్చిన వారానికే నంద్యాల ఖబ్రస్తాన్‌కు వెళ్లి, ఖాలా చెప్పమన్న నాలుగు మాటలు ఆమె చెప్పినట్టే స్పానిష్‌లో చెప్పాను. పక్కన నిలబడ్డ మామూ ఏం చదువుతున్నావురా అన్నాడు. సలాం జవాబు అన్నాను.

ఏటా రంజాన్ మొదటి సాయంత్రం నా వాట్సాప్‌కు గ్రనాడా నుంచి ఒక మెసేజ్ వస్తుంది. ముబారక్ అని ఉండదు, ఖైరియత్ అని ఉండదు. ‘ఈరోజు ఎన్నింటికి?’ అని మాత్రం ఉంటుంది. నేను టైము పంపుతాను.