రబ్బరు రింగు

ఇంజనీరింగ్ అంటే ఏ ఇంజనైనా బాగుచేసే చదువని మా ఇంట్లో అనుకుంటారు. నాది కంప్యూటర్ సైన్స్ అని ఎన్నిసార్లు చెప్పినా నాన్నది ఒకటే మాట: "ఇంజనీరింగే కదరా!"

మాది ఉప్పాడ దగ్గర. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. వలలు, మోటార్లు బాగుచేసుకునేది అప్పుడే. ఈ సెలవులకి ఇంటికెళ్ళగానే నాన్న మోటారు మాన్యువల్ నా చేతిలో పెట్టాడు. మా పాతది టూ స్ట్రోక్. ఆయిల్‌ని పెట్రోల్లో కలిపి పోసేవాళ్ళు, దాంతోపాటే కాలిపోయేది. మార్చే పనే లేదు. పోయినేడు కొన్నది ఫోర్ స్ట్రోక్. ఇందులో అదే ఆయిల్ లోపల తిరుగుతుంటుంది. 100 గంటలకో, ఏడాదికో మార్చాలి. మొదటిసారి మెకానిక్ చేశాడు. ఈసారి నేను, ఎందుకంటే పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది.

మోటారు కింది భాగం నీళ్ళ డ్రమ్ములో ముంచి కాసేపు నడిపాం. వేడెక్కితే ఆయిల్ పల్చబడి మురికితో సహా దిగుతుంది. నీళ్ళు లేకుండా నడిపితే పంపులో రబ్బరు రెక్కలు పాడవుతాయి. ఆపేసి, నిటారుగా ఉంచి, డ్రెయిన్ బోల్టు విప్పాను. నల్లగా కారింది. నాన్న రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. "పాలు పోసిన టీలా ఉంటే నీళ్ళు దూరినట్టు. బానే ఉంది." గేరు ఆయిల్‌తో నేర్చుకున్న లెక్క అది.

పాత ఫిల్టర్ విప్పి పక్కన పెట్టాను. కొత్తదాని రబ్బరు రింగుకి ఆయిల్ రాసి బిగించబోతుంటే "ఆగు" అన్నాడు. ఫిల్టర్ కూర్చునే చోట బొటనవేలితో తడిమి, గోటితో గీరాడు. నల్లటి రింగొకటి ఊడొచ్చింది. పాత రబ్బరు ఇంజన్‌కే అతుక్కుపోయింది! దాని మీదే కొత్తది బిగించి ఉంటే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ కారిపోయేది.

"నీకెలా తెలిసింది నాన్నా?"

"విప్పినదాన్ని చూడు. దానికి రింగు లేదుగా."

నేను పుస్తకం చూస్తున్నాను. ఆయన ఫిల్టర్‌ని చూశాడు. నా ప్రోగ్రాం తప్పయితే స్క్రీన్ మీద ఎర్రగీత వస్తుంది, దిద్దుకుంటాను. ఇక్కడ తప్పయితే నాన్న, చిన్నాన్న, ఇంకో మనిషి ఒడ్డు కనపడని చోట ఆగిపోతారు.

శుభ్రంగా తుడిచి, ఫిల్టర్ చేత్తోనే బిగించాను. బోల్టుకి కొత్త వాషర్ వేశాను. డిప్‌స్టిక్ గీత దాకా ఆయిల్ పోసి, మళ్ళీ నడిపి, ఆపి, ఇంకోసారి చూశాను. పాత ఆయిల్ ఇసకలో పారబోయకుండా డబ్బాకెత్తి మెకానిక్ షాపులో ఇచ్చాం.

జూన్ 15న బోటు వేటకి వెళ్ళింది. నాన్న వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. వచ్చాక అందరూ చేపల చుట్టూ చేరితే, నేను మోటారు మూత తీసి ఫిల్టర్ కింద వేలు పెట్టాను.

పొడిగా ఉంది.