నాలుగు చక్రాలూ తిరుగుతాయా?

సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ బండి అమ్మేవాళ్ళు చాలా గర్వంగా చెప్పే మాట ఒకటుంది. "సార్, ఫోర్ వీల్ ఒక్కసారి కూడా వెయ్యలేదు. షోరూమ్‌లోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది." రెండు నెలల్లో ఈ మాట నాకు నలుగురు చెప్పారు. విన్న ప్రతిసారీ మన ప్రాజెక్టుల్లో డీఆర్ సైట్ గుర్తొచ్చింది. లక్షలు తగలేసి రెండో డేటా సెంటర్ పెడతాం, స్లైడ్లలో దానికి పచ్చరంగు వేస్తాం, ఒక్కసారి కూడా ఫెయిలోవర్ చేసి చూడం. ప్రైమరీ పడిపోయిన రాత్రి తెలుస్తుంది, అక్కడ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయ్యి ఎనిమిది నెలలైందని. ఎప్పుడూ వెయ్యని ఫోర్ వీల్ కూడా సరిగ్గా అలాంటిదే. ఉందని మనం నమ్ముతూ ఉంటామంతే.

ముందే చెప్పేస్తున్నా, నేను వారాంతాల్లో బురదలో దొర్లే బాపతు కాదు. మాది నంద్యాల వైపు నల్లరేగడి పల్లె. చేలో ఇల్లు, తారు రోడ్డు అక్కడికి మూడు కిలోమీటర్లు. ఎండాకాలం ఆ బాట మీద ఆటో కూడా వస్తుంది. రెండు రోజులు ముసురు పట్టిందంటే రేగడి మట్టి టైర్లకి చుట్టుకుని చక్రం, మడ్‌గార్డ్ ఒకటైపోతాయి. పోయిన వానల్లో అర్ధరాత్రి అమ్మకి ఛాతీలో నొప్పి వస్తే తమ్ముడు ట్రాక్టర్ ట్రాలీలో మంచం వేసి తారు రోడ్డు దాకా తెచ్చాడు. ఒక గంట పైన పట్టింది. గ్యాస్ నొప్పేనని తేలింది గానీ, ఆ గంట ఫోన్ పట్టుకుని హైదరాబాదులో కూర్చున్న నాకు బాగానే గుర్తుంది. అందుకని ఒక బండి కొని ఊళ్ళో పెట్టాలనుకున్నాం. కొత్తదానికి అంత డబ్బు లేదు. పైగా గేదెల పక్కన నిలబెట్టే బండికి టచ్ స్క్రీన్ ఎందుకు?

జిప్సీ తేలిక, గట్టిది, కానీ తయారీ 2019లో ఆగిపోయింది. మంచివన్నీ కుర్రాళ్ళ చేతుల్లో ఉన్నాయి, రేటు వాళ్ళు చెప్పిందే. చివరికి పాత థార్ దగ్గర ఆగాం. 2010లో వచ్చి 2020లో కొత్త మోడల్ వచ్చేదాకా నడిచిందే, సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్‌ది. మహీంద్రా అయితే నంద్యాలలో చెట్టు కింద మెకానిక్ కూడా విప్పగలడు. నాకు అదే పెద్ద ఫీచర్.

అన్నట్టు, వెనక "ఫోర్ బై ఫోర్" అని స్టిక్కర్ ఉంటే నమ్మకండి. బొలేరో, స్కార్పియోల్లో ఎక్కువ భాగం వెనక చక్రాల బండ్లే. 2023 జనవరి నుంచి థార్ కూడా రియర్ వీల్ డ్రైవ్‌లో దొరుకుతోంది. నేను చూడ్డానికి వెళ్ళిన ఒక స్కార్పియోకి స్టిక్కరుంది, గేర్ రాడ్డు పక్కన ఉండాల్సిన రెండో రాడ్డూ లేదు, దాని స్విచ్చీ లేదు. "లోపల ఉంటుంది సార్" అన్నాడు. ఎక్కడ లోపల? :)

ఇక పరీక్ష సంగతి. ఫోర్ హెచ్ వేస్తే డాష్‌బోర్డ్ మీద లైటు వెలుగుతుంది. చాలామంది అది చూసి తృప్తిపడి దిగిపోతారు. ఆ లైటు రాడ్డు కదిలిందని చెప్తుంది, ముందు చక్రాలకి శక్తి అందుతోందని కాదు. హెల్త్ చెక్ పేజీ 200 ఓకే అంటుంది, వెనక డేటాబేస్ చచ్చి ఉంటుంది, అలా. కొన్ని పాత జీపుల్లో ముందు హబ్‌లు చేత్తో తిప్పి లాక్ చెయ్యాలి. అవి విరిగిపోయి ఉన్నా లైటు మాత్రం శుభ్రంగా వెలుగుతుంది.

దీనికి మా మెకానిక్ భాయ్ చెప్పిన ఉపాయం చాలా సులువైంది. ఇలాంటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బండ్లలో ముందు, వెనక ఇరుసుల్ని కలిపి బిగించేసినట్టు ఉంటుంది. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే పెద్ద గుండ్రం తిరగాలి. తిరగనివ్వకుండా వెనక వాటితో కట్టేశాం కాబట్టి ఎక్కడో ఒకచోట చక్రం జారాలి. అందుకే తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిప్పకూడదు, పళ్ళచక్రాల మీద భారం పడుతుంది. వదులు మట్టి ఉన్న ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి, ఫోర్ హెచ్ వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో ఒక చుట్టు తిప్పండి. ఎవరో వెనకనుంచి పట్టుకుని లాగుతున్నట్టు బండి బిగుసుకుంటే ముందు చక్రాలు పని చేస్తున్నట్టు. టూ హెచ్‌లో తిరిగినంత హాయిగా తిరిగితే మీరు టూ వీల్ డ్రైవ్ బండి కొంటున్నట్టు. తర్వాత బండి ఆపి, క్లచ్ తొక్కి ఫోర్ ఎల్ వెయ్యాలి. మొదటి గేర్‌లో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా దిబ్బ ఎక్కాలి. దిగేటప్పుడు రాడ్డు మీద చెయ్యి వెయ్యకుండా చూడండి, తనంతట తను న్యూట్రల్‌లోకి ఎగిరిపడితే ట్రాన్స్‌ఫర్ కేస్ లోపల అరిగిందని అర్థం.

మొదట చూసిన బండి గచ్చిబౌలిలో, మనలాంటివాడిదే. 2017 మోడల్, 28 వేల కిలోమీటర్లు. చెరువు గట్టంత టైర్లు, బంపర్ మీద లైట్ల తోరణం. "ఫోర్ వీల్ ఎప్పుడూ వాడలేదు బ్రో" అన్నాడు, నిజమే చెప్పాడు. రాడ్డు రెండు చేతులతో లాగితే గానీ కదల్లేదు. ఎలాగో పడింది, లైటు వెలిగింది, మట్టిలో చుట్టు తిప్పితే వెన్నలా తిరిగింది. ఆ కుర్రాడు నిజాయితీగా ఆశ్చర్యపోయాడు. తొమ్మిదేళ్ళు తనకి లేనిదాని మీద వారంటీ కట్టాడు పాపం. పైగా ఆ టైర్లు, ఆ బంపర్ ఆర్సీలో ఉన్న బండివి కావు. కంపెనీ ఇచ్చిన దానికి విరుద్ధంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్ళు ముందు ఆ టైర్లే చూస్తారు.

రెండోది లక్ష తక్కువకి వచ్చింది, విజయవాడ బండి. లక్ష తక్కువ అనగానే భాయ్ నవ్వాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు, బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా. లోపల సీట్ కవర్లు కొత్తవి, కార్పెట్ కొత్తది, అగరుబత్తి కొట్టులా సెంటు వాసన. భాయ్ సీట్ బెల్ట్ పూర్తిగా, చివరిదాకా బయటికి లాగాడు. ఎవరూ అంత దూరం లాగరు, అందుకే ఎవరూ కడగరు. చివర్లో జానెడు మేర ఎండిన ఒండ్రు, దాని పైన గీత గీసినట్టు శుభ్రం. సీటు పట్టాల కింద తుప్పు. తర్వాత వెనక డిఫరెన్షియల్ ప్లగ్ విప్పి వేలు పెట్టాడు. తేనె రంగులో రావాల్సిన గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం. ఆయిల్‌లో నీళ్ళు కలిసినంత మాత్రాన వరద బండి అనక్కర్లేదు. ఇరుసుకి గాలి పీల్చుకోడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోయిందనుకోండి, వేడెక్కిన ఇరుసుతో వాగులో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ వెలితిలోకి సీల్ పక్కనుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. వాగు దాటిన ఏ బండికైనా జరగొచ్చు. ఆయిల్ మార్చాలి, అంతే. మార్చకుండా ఏడాది తిప్పితే బేరింగులు పోతాయి. కానీ సీట్ బెల్ట్ దాకా నీళ్ళంటే వైరింగ్, ఈసీయూ అన్నీ మునిగినట్టే. ఏదో ఒక అర్ధరాత్రి అది ఆగిపోతుంది. మాకు బండి కావాల్సింది సరిగ్గా అలాంటి అర్ధరాత్రి కోసమే.

అమ్మేది యజమాని కాదు, మధ్యవర్తి. బెల్ట్ చూపిస్తే "వాన జల్లు పడింది సార్, అంతే" అన్నాడు. ప్లగ్ చూపిస్తే మాత్రం కాసేపు మాట్లాడలేదు. "అన్నా, కనీసం కొనేవాడికి చెప్పి అమ్మండి" అన్నాను. "మీరు తప్ప అక్కడ వేలు పెట్టినోళ్ళు లేరు సార్" అన్నాడు. మూడు వారాలకి ఆ ప్రకటన కనబడలేదు. ఎవరు కొన్నారో, ఏ ఊరి బాట మీద తిరుగుతోందో.

మూడోది మేం కొన్నది. 2016 మోడల్, 92 వేల కిలోమీటర్లు. రిటైరైన ఒక పెద్దాయనది, ఆయనకి అడవులు తిరగడం పిచ్చి. బండి కిందకి దూరి చూస్తే స్కిడ్ ప్లేట్ నిండా గీతలు, వెనక హుక్ కొంచెం వంగి ఉంది. మామూలు కారు కొనేవాడైతే అది చూసి పారిపోతాడు. నాకైతే అక్కడే నమ్మకం కుదిరింది. ఛాసిస్ మీద కొత్తగా కొట్టిన నల్ల రంగు లేదు (అది ఉంటే ఏదో దాస్తున్నారని అనుకోవచ్చు), చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే అన్నిచోట్లా గట్టి శబ్దమే వచ్చింది. నాలుగు టైర్లూ ఒకటే కంపెనీ, ఒకటే సైజు, ఒకేలా అరిగాయి. ఇది చిన్న విషయం కాదు, సైజు తేడా ఉంటే ఫోర్ వీల్‌లో ముందు, వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఆయన దగ్గర ఒక పాత డైరీ ఉంది. ఏ తేదీన ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిళ్ళు మార్చారో, ఏ వాగు తర్వాత మార్చారో అంతా రాసుకున్నారు. ఇంత బాగా రాసిన కమిట్ లాగ్ మా టీమ్‌లో నేనింతవరకూ చూడలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ముందు ఎడమ చక్రం సీవీ జాయింట్ రబ్బరు బూట్ చిరిగి గ్రీజు చిమ్మింది. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ చేత్తో అటూ ఇటూ తిప్పితే యూనివర్సల్ జాయింట్ టక్ టక్‌మంది. చల్లటి ఇంజన్ మీద స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీస్తే కొద్దిగా పొగ. 92 వేలకి అది మామూలే అన్నాడు భాయ్. ఇవన్నీ చెప్పి ముప్పై వేలు తగ్గించమంటే ఆయన ఇరవై తగ్గించి, "బాబూ, నెలకోసారైనా ఫోర్ వీల్ వెయ్యండి, లేకపోతే లోపల ఆయిల్ పైదాకా చేరదు" అన్నారు. ఆ మాటకి మిగతా పదివేలు వదిలేశాను.

కాగితాల గురించి క్లుప్తంగా. లోన్ ఉన్న బండి అయితే ఫారం 35 మీద బ్యాంకు సంతకం, అమ్మకానికి 29, 30. మాది తెలంగాణ బండి, ఉండబోయేది ఆంధ్రాలో. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, దానికి ఫారం 28తో ఎన్ఓసీ, అక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్. ఈ టాక్స్ లెక్క బేరానికి ముందే వేసుకోండి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక అక్కడి బండ్లు మన వైపు చవగ్గా దిగాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఆర్సీలో నంబరు అక్షరం అక్షరం మీ కళ్ళతో పోల్చి చూసుకోండి. హర్యానాలో మండి డబ్వాలీ వైపు తయారయ్యే ఓపెన్ జీపుల విషయంలో మరీనూ.

బండి ఊరు చేరి నాలుగు నెలలైంది. నాయన చుట్టూ తిరిగి చూసి, "ట్రాక్టర్ ఉండగా ఇదెందుకు రా" అన్నాడు. ఆయన మాటలో పూర్తిగా తప్పు లేదు. మరీ దిగబడే రేగడిలో ఏ ఫోర్ బై ఫోర్ అయినా చతికిలబడుతుంది, అప్పుడు లాగాల్సింది ట్రాక్టరే. కానీ అమ్మ అందులో ముందు సీట్లో కూర్చోగలదు. తమ్ముడు నెలకో ఆదివారం చేలగట్టు బాట మీద ఫోర్ హెచ్‌లో రెండు కిలోమీటర్లు, ఫోర్ ఎల్‌లో కాస్త దూరం తిప్పి ముందు చక్రాల వీడియో వాట్సాప్‌లో పంపుతున్నాడు. పోయిన ఆదివారం వీడియోలో ఎడమ వైపు కొత్త బూట్ కింద ఏదో నల్లగా తడి కనిపించింది. పాత గ్రీజు అంటిందా, కొత్తది కారుతోందా అని అడిగాను. తుడిచి, ఈ ఆదివారం మళ్ళీ పంపుతానన్నాడు.