పేరు మారినా ఇల్లు అదే!

కాశిబుగ్గ ఎక్కడుంది?

శ్రీకాకుళం జిల్లా వాళ్లనడిగితే 'పలాస పక్కనే కదా' అంటారు. వరంగల్ వాళ్లనడిగితే 'మా ఊళ్లోనే' అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పేరొకటే, చోట్లు రెండు. ఒకచోట జీడిపప్పు వాసన. మరోచోట దగ్గర్లోని ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చే మిర్చి ఘాటు. పేరు చూసి రెండూ ఒకటే అనుకుంటే ఉత్తరం వందల కిలోమీటర్లు తప్పిపోతుంది.

ఇప్పుడు దీనికి తిరకాసు చూడండి. 2016 అక్టోబరులో తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటిదాకా వరంగల్ జిల్లాలో ఉన్న కాశిబుగ్గ, వరంగల్ అర్బన్ జిల్లాలోకి వెళ్లింది. 2021 ఆగస్టులో మళ్లీ మార్పు. అర్బన్ జిల్లా హనుమకొండ అయింది. రూరల్ జిల్లా వరంగల్ అయింది. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఇటువైపు వచ్చాయి. దాంతో కాశిబుగ్గ వాళ్లు తిరిగి వరంగల్ జిల్లా వాసులయ్యారు. ఐదేళ్లలో రెండుసార్లు జిల్లా మారింది. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు!

పేరు ఒకటే అయినా వస్తువులు వేరు కావచ్చు. పేర్లు వేరైనా వస్తువు ఒకటే కావచ్చు. మనుషులకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. కాగితాలకూ కంప్యూటర్లకూ మాత్రం నేర్పాలి. అందుకోసం ప్రపంచంలో కొందరు ఏళ్ల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నారంటే నమ్ముతారా?

ఆయనే ఈయనా?

కాశిబుగ్గలో ఓ తండ్రి. మగ్గం మీద బతికిన మనిషి. కొడుకు పైచదువు కోసం ఇంటి కాగితాలు పెట్టి అప్పు తీసుకుందామనుకున్నాడు. ఫీజు కట్టడానికి మూడు వారాలే గడువు. కాగితాలన్నీ పట్టుకుని ఓ కార్యాలయానికి వెళ్తే, అక్కడి గుమాస్తా పైనుంచి కిందిదాకా చూసి పక్కన పెట్టేశాడు.

ముప్ఫై ఏళ్ల కిందటి దస్తావేజులో ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంది. ఒకదాంట్లో పేరు చివర 'య్య' ఉంది, మరోదాంట్లో లేదు. ఇంటి నంబరు మారింది. జిల్లా ఒక కాగితంలో వరంగల్, ఇంకోదాంట్లో వరంగల్ అర్బన్. 'ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేంటి?' అన్నది ప్రశ్న.

ఆ శనివారం కూతురు హైదరాబాద్ నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తండ్రి అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగడం లేదు.

"గా పేరూ నేనే, గీ పేరూ నేనే. నేను నేనే అని ఎవలికి రుజువు జెయ్యాలె బిడ్డా?" అన్నాడు.

కూతురికి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూసి ఆపుకుంది.

"మా ఆఫీసుల గూడ రోజూ గిదే లొల్లి బాపూ. ఫైలు పేరు మారుస్తరు, రెండు అక్షరాలు దిద్దుతరు. అది పాతదా కొత్తదా అని మిషన్ అడుగుతది" అంది.

"మరి మీరేం జేస్తరు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్!

పెళ్లిపత్రిక వేయించడానికి ఏ డీటీపీ సెంటరుకు వెళ్లినా కంప్యూటర్లో ఈ దృశ్యం కనిపిస్తుంది. 'పత్రిక ఫైనల్', 'పత్రిక కొత్త ఫైనల్', 'పత్రిక అసలు ఫైనల్'! వీటిలో పెదనాన్న పేరు సరిదిద్దింది ఏది? ముహూర్తం మార్చింది ఏది? పొరపాటున పాతది అచ్చయిందంటే పెళ్లికి పెదనాన్న రాడు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఇదే బాధ వేయింతలు. ఒక ప్రోగ్రాం అంటే వేల ఫైళ్లు. వందల మంది దిద్దుతుంటారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస, ఎందుకు మార్చారో గుర్తుపెట్టుకునే ఏర్పాటును 'వెర్షన్ కంట్రోల్' అంటారు. దిద్దుబాట్లన్నీ వరుసగా రాసే చిట్టా పుస్తకం అనుకోండి. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ తొలిసారి ఇలాంటిది తయారుచేశాడు. ఆ తర్వాత సీవీఎస్, సబ్‌వెర్షన్ లాంటివి వచ్చాయి.

2005లో చిన్న గొడవ జరిగింది. లైనక్స్ తయారుచేసేవాళ్లు అప్పటిదాకా బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునేవారు. దాని యజమానులు ఆ సౌకర్యం తీసేశారు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ తొలివారంలో సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. కొద్దిరోజుల్లోనే అది తన చిట్టా తానే రాసుకునే స్థాయికి వచ్చింది. దాని పేరు గిట్. అదే ఏడాది జులైలో దాని బాధ్యతను జునియో హమానోకు అప్పగించాడు. ఇవాళ హైదరాబాద్‌లోనైనా అమెరికాలోనైనా సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎక్కువమంది వాడేది దాన్నే.

గిన్నెల మీద పేర్లు

ఫైలు పేరు మారిస్తే సీవీఎస్‌కు అర్థమయ్యేది కాదు. పాతది పోయింది, కొత్తది పుట్టింది అనుకునేది. పాత ఫైలు చరిత్ర కొత్త పేరుతో కలిసేది కాదు. సబ్‌వెర్షన్ కాస్త నయం. 'ఫలానా ఫైలు పేరు మారుస్తున్నా' అని దానికి ముందే చెప్పాలి. చెప్పడం మరిచిపోతే అంతే సంగతులు.

టోర్వాల్డ్స్ ఇంకో దారి పట్టాడు. గిట్ అసలు పేరు మార్పునే రాసుకోదు. తర్వాత ఎవరైనా అడిగినప్పుడు, పోయిన ఫైళ్లనూ వచ్చిన ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. లోపలి సరుకును బట్టి ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటి పొడవాటి సంఖ్య ఉంటుంది. రెండు ముద్రలూ ఒకటైతే రెండూ ఒకటే. అక్కడక్కడా దిద్దుబాట్లు జరిగి ముద్ర కలవకపోతే, ఎంత శాతం పోలిక ఉందో లెక్కగడుతుంది. మనం వేరే చెప్పకపోతే, కనీసం 50 శాతం కలిస్తేనే 'పేరు మారినా ఇది అదే' అంటుంది.

బాగానే ఉంది కదా! కానీ వెయ్యి ఫైళ్లు పోయి వెయ్యి ఫైళ్లు వస్తే? ఒక్కోదాన్నీ మిగతా అన్నింటితో పోల్చాలి. 10 లక్షల పోలికలు! మరీ ఎక్కువైతే గిట్ ఆ పని మానేస్తుంది.

దీన్ని చక్కదిద్దిన పద్ధతి మన ఇళ్లలో అమ్మలకు బాగా తెలిసిందే. పెళ్లయ్యాక నాలుగిళ్ల గిన్నెలు ఒకేచోట కలిసిపోతాయి. ప్రతి గిన్నెనూ ప్రతి గిన్నెతో ఎవరైనా పోలుస్తారా? ముందు పేర్లు చెక్కించినవి చూసి ఎవరివి వాళ్లకు పంపేస్తారు. తర్వాత పేరు సగం చెరిగినవి. ఏ ఆనవాలూ లేనివి నాలుగే మిగులుతాయి. వాటి దగ్గర మాత్రమే కూర్చుని సొట్టలు వెతుకుతారు. ఎవరూ అడగనివాటి జోలికే వెళ్లరు.

ఎలైజా న్యూరెన్ అనే ప్రోగ్రామర్ గిట్‌లో చేసిన పని ఇంచుమించు ఇదే. ఫోల్డరు మారినా ఫైలు చివరిపేరు అదే ఉంటే ముందు ఆ జతనే పోల్చిచూడటం. తేల్చాల్సిన అవసరం లేని ఫైళ్లను వదిలేయడం. ఒకసారి తేలిన జతను గుర్తుంచుకుని, మళ్లీ మొదటికి రాకపోవడం. కాశిబుగ్గకు రెండోసారి జిల్లా మారిన 2021 ఆగస్టులోనే ఈ కొత్త పద్ధతి గిట్ 2.33లో అందరికీ అందింది. పేర్లు విపరీతంగా మారిన ఒక పరీక్షలో ఇది పాతదానికన్నా 500 రెట్లకు పైగా వేగంగా పనిచేసింది. అలాంటి పనులు వరుసగా చేయాల్సి వచ్చినప్పుడు 9,000 రెట్లు దాటింది. నవంబరులో వచ్చిన 2.34 నుంచి అదే మామూలు పద్ధతి అయిపోయింది.

అన్నదమ్ముల జాబితా

పేరు పోలిక తప్పితే ఏం మునిగిపోతుందని అడగొచ్చు. అసలు ఇబ్బంది కొమ్మల దగ్గర వస్తుంది. ఒకే ప్రోగ్రామును ఇద్దరు వేర్వేరుగా దిద్దుకోవడాన్ని 'బ్రాంచ్' అంటారు. చెట్టుకు కొమ్మల్లా విడిపోవడం సులువే. మళ్లీ కలపడమే కష్టం.

పెళ్లి పిలుపుల జాబితానే తీసుకోండి. అన్న ఒక నకలు పట్టుకెళ్లాడు, తమ్ముడు ఒకటి. వారం తర్వాత ఇద్దరూ కూర్చున్నారు. అన్న జాబితాలో ఒక పేరుంది, తమ్ముడి జాబితాలో లేదు. అన్న కొత్తగా చేర్చాడా? తమ్ముడు కొట్టేశాడా? రెండు జాబితాలనూ గంటసేపు చూసినా తేలదు. మొదట రాసిన అసలు జాబితా తీస్తే క్షణంలో తేలిపోతుంది. అందులో ఆ పేరుంటే తమ్ముడు కొట్టేసినట్టు. లేకపోతే అన్న చేర్చినట్టు. కొమ్మల్ని కలిపేటప్పుడు గిట్ చేసేదీ అంతే. అవి ఎక్కడ విడిపోయాయో వెనక్కి వెళ్లి వెతుకుతుంది. ఆ మూలాన్ని ఎదురుగా పెట్టుకుని రెండింటినీ కలుపుతుంది.

ఈలోగా తమ్ముడు జాబితాకు వేరే పేరు పెట్టాడనుకోండి. పోలిక పట్టలేని యంత్రం అది వేరే కాగితమనుకుంటుంది. అన్న చేసిన దిద్దుబాట్లు అందులోకి చేరవు. కష్టపడి రాసింది గాల్లో కలుస్తుంది. పేరు పోలికకు అంత విలువ అందుకే. అన్నదమ్ములిద్దరూ ఒకే వరుసను చెరో రకంగా మార్చితే? గిట్ తీర్పు చెప్పదు. రెండు మాటల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి, 'మీరే తేల్చుకోండి' అని ఆగిపోతుంది. యంత్రాలకు ఉండాల్సిన వినయం అది!

నాలుగు హద్దులు

ఇదంతా విన్నాక తండ్రి దస్తావేజు తీసి ఒక పేజీ చూపించాడు. ఇంటికి నాలుగు హద్దులు రాసి ఉన్నాయక్కడ. తూర్పున ఒకరి ఇల్లు, పడమర బాట, ఉత్తరాన ఒకరి గోడ, దక్షిణాన ఖాళీ జాగా.

"నంబరు మారనీ, జిల్లా మారనీ. గీ బాట యాడికన్న వోయిందా?" అన్నాడు.

కూతురు ఆశ్చర్యపోయింది. గిట్ 2005లో చేసిన పనిని మన దస్తావేజు రాసేవాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే చేస్తున్నారు. నంబర్లూ పేర్లూ మారతాయని వాళ్లకు తెలుసు. అందుకే ఇంటిని దాని చుట్టూ ఉన్నవాటితో గుర్తుపట్టమన్నారు. ముప్ఫై ఏళ్లలో తూర్పు ఇల్లు చేతులు మారింది. మిగతా మూడూ అలాగే ఉన్నాయి. నాలుగింట మూడంటే 75 శాతం. గిట్ అయితే కళ్లు మూసుకుని ఒప్పేసుకుంటుంది.

కానీ ఇంటి విషయంలో సగం పోలిక చాలదు. రెండు చిన్న ఫైళ్లలో ఒకేరకం వాక్యాలుంటే గిట్ కూడా ఒక్కోసారి పొరబడుతుంది. అక్కడ పొరబడితే దిద్దుకోవచ్చు. ఇక్కడ పొరబడితే ఒకరి ఇల్లు ఇంకొకరి పాలవుతుంది. ఆ గుమాస్తా అడిగిన ప్రశ్న తప్పు కాదు. జవాబు ఎలా చూపించాలో ఎవరూ చెప్పకపోవడమే చిక్కు.

ఆ రాత్రి తండ్రీకూతుళ్లు కాగితాలన్నీ నేలమీద తేదీల వరుసన పరిచారు. పైన ఒక తెల్లకాగితం పెట్టారు. ఏ సంవత్సరం ఏం మారింది, ఎందుకు మారింది, అందుకు ఏ కాగితం సాక్ష్యం... ఒక్కో మార్పుకు ఒక్కో వరుస. జిల్లా పేరు 2016లో ఎందుకు మారింది, 2021లో ఎందుకు మారింది అన్నవి రెండు వరుసలు. పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు రెండూ ఉన్న పన్ను రసీదు ఒకటి పాత ట్రంకుపెట్టెలో దొరికింది. రెండు పేర్లూ తనవేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించారు. సోమవారం అదే కిటికీ దగ్గర, అదే గుమాస్తా ఐదు నిమిషాలు చదివి సంతకం పెట్టాడు. గడువుకు నాలుగు రోజుల ముందే ఫీజు కట్టారు.

బ్యాంకుల వాళ్లు 'లింకు డాక్యుమెంట్లు' అంటుంటారు. పేరులోనే ఉంది కిటుకు. ఒక కాగితాన్ని తర్వాతి కాగితంతో ముడివేసేదే లింకు. ఆ ముడి ఉంటే ఎన్ని పేర్లు మారినా భయం లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి ట్రంకుపెట్టె ఉండే ఉంటుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం దాన్ని తెరవండి. కొత్తది వచ్చింది కదాని పాత రసీదు పారేయకండి. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల, పదో తరగతి మెమోలో అక్షరం తప్పుపడిన అబ్బాయి, జిల్లా మారిన ఇల్లు... అన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఏం మారింది, ఎప్పుడు, ఎందుకు. ఆ మూడు ముక్కలూ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. తర్వాత అడుగుదామంటే చెప్పేవాళ్లుండరు.